ధర గొట్టానికి, పలుకు పీకకి

1994 సెప్టెంబరులో లండన్‌లోని క్రిస్టీస్ వేలంలో ఒక ఆల్టో శాక్సోఫోన్ 93,500 పౌండ్లు పలికింది. పాడుకున్నది అమెరికాలోని కాన్సాస్ సిటీ. తమ ఊరి బిడ్డ చార్లీ పార్కర్ 1953 మే నెలలో టొరంటోలోని మాసీ హాలు కచేరీలో వాయించిన వాద్యం కాబట్టి ఎంతైనా పెట్టి దక్కించుకోవాలని ఆ నగరం పట్టుబట్టింది. ఇంతకీ అది ఇత్తడిది కాదు. గ్రాఫ్టన్ పేరుతో ఇంగ్లండులో తయారై, ఇత్తడి శాక్సోఫోన్ల కంటే బాగా చౌకగా అమ్ముడుపోయిన తెల్లని ప్లాస్టిక్ వాద్యం. జాజ్ చరిత్రలో గొప్పవిగా చెప్పుకొనే కచేరీల్లో ఒకటి ప్లాస్టిక్ గొట్టంతో నడిచింది. పాత వాద్యాల బజారులో చెలామణీ అయ్యే నమ్మకాలకు ఇంతకంటే గట్టి ఎదురు సాక్ష్యం అక్కర్లేదు. ఆ బజారు గొట్టానికి వెల కడుతుంది. స్వరాన్ని పలికించేది మాత్రం నోటి దగ్గరుండే చిన్న భాగం, దాన్ని సరిచేసే చెయ్యి, ఊదే ఊపిరి. పాత వాద్యాలను కాపాడుకోవాలన్న మాట ఈమధ్య మన దగ్గర కూడా వినపడుతోంది కాబట్టి ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. వస్తువును కొని దాచినంత మాత్రాన వాద్యం బతకదు. దాన్ని బాగుచేసే పనివాడు బతికితేనే బతుకుతుంది. మన సొమ్ము, శ్రద్ధ ముందుగా అతనికి చేరాలన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

ముందు శాక్సోఫోన్ సంగతే చూద్దాం. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ 1846లో ప్యారిస్‌లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా రెల్లు పీకతో పలుకుతుంది కాబట్టి దీన్ని క్లారినెట్, సన్నాయిల సరసన కర్రవాద్యాల్లోనే లెక్కిస్తారు. సేకర్తలు ఎక్కువగా మోజుపడేది ఫ్రాన్సులో సెల్మర్ కంపెనీ 1954లో మొదలుపెట్టి సుమారు రెండు దశాబ్దాలు తయారుచేసిన మార్క్ సిక్స్ రకం మీద. అందులోనూ సీరియల్ నంబరు లక్ష లోపు ఉంటే ఒక ధర, దాటితే ఇంకో ధర. మొదటి వాటి ఇత్తడి యుద్ధంలో మిగిలిన తూటాల తొడుగులు కరిగించి పోసినదని, అందుకే ఆ నాదం అని ఒక కథ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి తొమ్మిదేళ్లయిందన్న విషయం కథ చెప్పేవాళ్లకు అడ్డురాదు. పైపూత తయారైననాటిదే అయితే ధర ఎక్కువ, మళ్లీ పూత వేయిస్తే తక్కువ. వాయించేవాడికి ఆ పూతతో పెద్దగా పని లేదు. అందుకే తెలిసిన వాద్యకారులు పూత పోయిన వాద్యాన్ని వెతికి తక్కువలో కొనుక్కుంటారు. ఒకే వస్తువుకు సేకర్త కట్టే వెల, వాద్యకారుడు కట్టే వెల ఇంత వేరుగా ఉన్నాయంటే ఇద్దరూ కొంటున్నది ఒకటి కాదని అర్థం.

శాస్త్రం ఏం చెబుతోంది? జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1971లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించాడు. వెండి, రాగి, కర్ర గొట్టాలతో మూడు ఫ్లూట్లు చేయించాడు. లోపలి కొలతలు ఒకటే, నోటి భాగం మూడింటికీ ఒకేలాంటిది. చూడకుండా విన్నవాళ్లు ఏది ఏదో పోల్చుకోలేకపోయారు. ఊదుడు వాద్యంలో మోగేది గొట్టం గోడ కాదు, లోపలి గాలి. ఆ గాలికి కావలసినది లోపలి ఆకారం, ఎక్కడా కారని మూతలు, సరైన నోటి భాగం. శాక్సోఫోన్ మౌత్‌పీస్‌లో పీక కొసకు, మౌత్‌పీస్ కొసకు మధ్య ఉండే సందు రకాన్ని బట్టి సుమారు ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అందులో పదోవంతు మిల్లీమీటరు తేడా వచ్చినా వాద్యకారుడికి వెంటనే తెలుస్తుంది. లోపలి గది గుండ్రంగా విశాలంగా ఉంటే నాదం మెత్తగా, ఇరుకుగా ఉంటే పదునుగా వస్తుంది. ఒట్టో లింక్, మేయర్ వంటి పాత మౌత్‌పీస్‌లకు నేడు కొత్త వాద్యమంత ధర పలకడం ఇందుకే. అయితే ఇక్కడ కూడా పేరు చూసి కొంటే మోసపోవడమే. ముందటి యజమాని అరగదీసి ఉంటే అది ఒట్టి రబ్బరు ముక్క. ఇంకో చిక్కు ఉంది. 1920లలో అమెరికాలో కాన్, బ్యూషర్ కంపెనీలు చేసిన శాక్సోఫోన్లు ఆనాటి విశాలమైన మౌత్‌పీస్‌లను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటికి నేటి ఇరుకు మౌత్‌పీస్ తగిలిస్తే శ్రుతి చెదురుతుంది. కొన్నవాడు వాద్యాన్నే తిట్టుకుంటాడు. దేనికి ఏది నప్పుతుందో తెలిసిన మనిషి పక్కన లేకపోతే లక్షలు పోసి కొన్న పాత వాద్యం కూడా బెసుకుతూనే ఉంటుంది.

ఇదంతా దూరదేశాల జాజ్ ముచ్చట అనుకోనక్కర్లేదు. గోదావరి డెల్టాలో సన్నాయి ఊదేవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నాదస్వరం గొట్టానికి దారంతో వేలాడుతూ నాలుగైదు అదనపు పీకలు, వాటిని సరిచేసుకునే సూది కనిపిస్తాయి. కచేరీ మధ్యలో పీక మొండికేస్తే తీసి మరొకటి పెట్టుకోవడమే తప్ప గొట్టాన్ని మార్చే ప్రసక్తి లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తమిళనాడులోని నరసింగంపేట నాదస్వరాన్ని ఆచ్చా కర్రతో చేస్తారు. మనం నారయేపి అనే చెట్టే అది. పచ్చి కర్ర పనికిరాదని, పడగొట్టిన పాత ఇళ్ల స్తంభాలు, దూలాలు వెతికి తెచ్చి తొలుస్తారు. అంటే పాతదనానికి విలువ ఉందని మన సంప్రదాయమూ ఒప్పుకుంది. కానీ ఆ విలువను పలికించేది ఏటి ఒడ్డు రెల్లుతో చేసిన అరచేతిలో ఇమిడే పీక. రెల్లు కోయడం, ఆరబెట్టడం, ఉడకబెట్టడం, చెక్కి దారం చుట్టడం, ఇదంతా నెలల తరబడి సాగే పని. ఆ పని తెలిసిన కుటుంబాలు గొట్టం తొలిచే కుటుంబాలకంటే ఏమీ తక్కువ కాదు. అయినా వాటి పేరు ఎవరికీ తెలియదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా నాదస్వరంతో దేశదేశాలు తిరిగారు. ఆయన పేరు తెలిసిన తెలుగువాళ్లలో పీక కట్టే ఒక్క పనివాడి పేరైనా చెప్పగలిగినవాళ్లు ఎందరు?

ఆ డెల్టాలోనే ఉన్న ద్రాక్షారామం పేరు చెప్పగానే సంగీతం తెలిసినవాళ్లకు గుర్తుకొచ్చేది ఈమని శంకరశాస్త్రి. 1922లో అక్కడ పుట్టిన ఆయన తండ్రి అచ్యుతరామశాస్త్రి దగ్గర వీణ నేర్చుకుని, జెమినీ స్టూడియోలోనూ తర్వాత ఆకాశవాణిలోనూ పనిచేసి, వీణను గాత్రంలా పాడించిన వైణికుడు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు ఆయన శిష్యుడే. వీణ తంత్రీ వాద్యం, ఊదేది కాదు కదా అనవచ్చు. కానీ నా వాదనకు అదీ సాక్ష్యమే. మన కళ్లు పడేది పనస కర్ర కుండ మీద, దాని చెక్కడం మీద, యాళి తల మీద. ఒకే మొద్దులో తొలిచిన బొబ్బిలి వీణ అయితే మరీ. ఒక మీటుకు నాలుగైదు స్వరాలు జారాలంటే మాత్రం మెట్టు మీద తీగను పక్కకు లాగాలి. లాగినప్పుడు తీగ ఎక్కడా బరకకుండా, మరుసటి మెట్టుకు తగలకుండా ఉండాలంటే ఇరవై నాలుగు మెట్ల ఎత్తు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. ఆ మెట్లు నిలబడేది మైనం, బొగ్గుపొడి కలిపి పోసిన గట్టు మీద. మన వేసవికి ఆ మైనం మెత్తబడుతుంది, కొన్నేళ్లకు మెట్లు దిగుతాయి, మళ్లీ మేళం కట్టించాలి. ఆ పనికి చెవి, చెయ్యి రెండూ కావాలి. శ్రుతి చూసుకుంటూ ఒక్కో మెట్టును జరిపి నిలబెట్టే ఆ పనితనం పుస్తకం చదివితే రాదు. శాక్సోఫోన్‌కు మౌత్‌పీస్ ఎలాగో, సన్నాయికి పీక ఎలాగో, వీణకు మైనం అలాగే. తాతగారి వీణ గాజు బీరువాలో పెట్టిన ఇంట్లో మేళం జారిపోయి ఉంటే అక్కడున్నది పనస కర్ర మాత్రమే.

డెల్టాలోనే మరో పాఠం ఉంది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను ఆరేళ్ల పిల్లవాడు పట్టుకున్నాడు. తర్వాత రుద్రరాజు సుబ్బరాజు దగ్గర నేర్చుకున్నాడు. గురువుకు మాండలిన్ వాయించడం రాదు, ఆయన పాడితే శిష్యుడు వాద్యం మీద పలికించేవాడు. ఎనిమిది తీగల మాండలిన్ మీద గమకం నిలవదని అయిదు తీగల విద్యుత్ మాండలిన్‌కు మారి, ఆ పరాయి వాద్యంతో కర్ణాటక సంగీతాన్నే శ్రీనివాస్ పలికించారు. అలాగే మంగళూరు వైపు నాదస్వర విద్వాంసుడి ఇంట పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని, దశాబ్దాల సాధనతో దాన్ని రాగానికి లొంగదీసి, 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్ వేదిక ఎక్కారు. నాదస్వరాన్నే చూస్తే, టి.ఎన్. రాజరత్నం పిళ్లై నరసింగంపేట పనివాళ్లతో పొడుగు చేయించుకున్న రకమే ఈనాటి కచేరీ వాద్యం. వాద్యాన్ని తాకరాని వస్తువుగా చూసి ఉంటే వీళ్లెవరూ ఉండేవారు కారు. ప్రతిసారీ వాద్యకారుడి పక్కన కర్రనో లోహాన్నో తీగనో మార్చగల ఒక పనివాడు ఉన్నాడు.

ఇక్కడ సేకర్తల తరఫున ఒక గట్టి వాదన ఉంది. వాళ్లు కొనకపోతే పాత వాద్యాలు పాత సామాన్ల కొట్టుకు పోయి, ఇత్తడి కిలో లెక్కన తూకానికి వెళ్లేవి కదా అంటారు. నిజమే. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. పెళ్లి ఊరేగింపుల్లో డీజే వచ్చాక బ్యాండు మేళాలకు పని తగ్గింది. మీరట్ నుంచి వచ్చిన వాద్యాలు, ఎప్పుడో విదేశాల నుంచి తెప్పించిన క్లారినెట్లు, శాక్సోఫోన్లు మూలపడుతున్నాయి. వాటికి వెల ఉందని తెలిస్తే కరిగించకుండా ఆగుతారు. ఆ మేరకు సేకర్త మేలే చేస్తాడు. అయితే ఆ మేలు అక్కడితో ఆగిపోతుంది. పెట్టెలో ఉన్న శాక్సోఫోన్‌కు ఇరవై పైచిలుకు మూతల కింద ఉండే తోలు ప్యాడ్లు ఎండి బిగుసుకుంటాయి, మన తేమకు బూజు పడతాయి, చీలలు తుప్పు పట్టి కదలవు. వాడుకలో ఉన్న వాద్యానికీ ఈ జబ్బులు వస్తాయి కానీ వచ్చిన రోజే తెలుస్తాయి. పెట్టెలో ఉన్నదానికి పదేళ్లకు తెలుస్తాయి. అప్పటికి దాన్ని బాగుచేయగలవాడు పని లేక ఆటో నడుపుకుంటూ ఉండవచ్చు. కరిగిపోకుండా ఆపడం మొదటి మెట్టు మాత్రమే. మళ్లీ పలికించడం రెండోది. మొదటిదానికే డబ్బు పెట్టి రెండోదాన్ని గాలికి వదిలేస్తే మొదటి ఖర్చూ దండగే.

చరిత్రకారులు ఇంకో అభ్యంతరం చెబుతారు. పాత వాద్యాన్ని బాగుచేసిన ప్రతిసారీ ఒక సాక్ష్యం చెరిగిపోతుంది. మైనం మారిస్తే ఆనాటి మెట్ల స్థానాలు పోతాయి. మౌత్‌పీస్ అరగదీస్తే ఆనాటి కొలత పోతుంది. ఈ అభ్యంతరానికి తలవంచక తప్పదు. కాకపోతే అన్ని వాద్యాలకూ ఒకే న్యాయం వర్తించదు. ఒక మహావిద్వాంసుడు వాయించిన వీణనో మాండలిన్‌నో ఉన్నదున్నట్టు ఉంచాల్సిందే. పార్కర్ ప్లాస్టిక్ శాక్సోఫోన్ కూడా కాన్సాస్ సిటీలోని జాజ్ మ్యూజియంలోనే ఉంది. అలాంటివాటి కొలతలు తీసి, చిత్రాలు గీసి, అదే కొలతలతో నకలు చేయించి నకలును వాయించాలి. ఆ కొలతలు తీయడానికీ నకలు చేయడానికీ కావలసింది మళ్లీ ఆ పనివాడే. ఇక చరిత్ర లేని వందల మామూలు వాద్యాల విషయంలో సాక్ష్యం పేరుతో మూగబోనివ్వడం అర్థంలేనిది. ఏం మార్చామో తేదీతో రాసి, తీసిన భాగాన్ని పారేయకుండా దాచితే చరిత్రకూ నష్టం లేదు, వాద్యకారుడికీ నష్టం లేదు.

కొత్త వాద్యాలు చౌకగా, శ్రుతి కుదిరి దొరుకుతుంటే ఈ పాతవాటితో ఈ తిప్పలన్నీ దేనికన్నది మూడో ప్రశ్న. నేర్చుకునే పిల్లలకు కొత్తవే మేలు, సందేహం లేదు. అయినా కొత్తదానికీ ఏడాది తిరిగేసరికి ప్యాడ్లు కారతాయి, పీకలు అరుగుతాయి. బాగుచేసేవాడు లేని ఊళ్లో కొత్త వాద్యం కూడా కొద్దికాలంలోనే పాత తుక్కవుతుంది. కాబట్టి ఈ ప్రశ్న నా వాదనను బలపరిచేదే తప్ప తోసిపుచ్చేది కాదు. నిజంగా చిక్కైన ప్రశ్న వేరే. వాయించేవాళ్లే తగ్గిపోతుంటే బాగుచేసేవాడికి కూలి ఎక్కణ్ణుంచి వస్తుంది? బజారు ఆ కూలి ఇవ్వదు. బిరుదులు, శాలువాలు, ఏడాదికోసారి సన్మానాలు కూడా ఇవ్వవు. అతనికి క్రమం తప్పని పని కావాలి.

క్రమం తప్పని పనికి ఎలా ఏర్పాటు చేయాలో ద్రాక్షారామం రాళ్లే చెబుతున్నాయి. భీమేశ్వరాలయంలోని వందలాది శాసనాల్లో పెద్ద భాగం అఖండదీపాల దానాలు. దాత దీపం ఒక్కటీ ఇచ్చి చేతులు దులుపుకోలేదు. ఒక్కో దీపానికి యాభై గొర్రెల చొప్పునో, అందుకు తగిన ఆవులనో ఇచ్చి, మందను ఒక బోయకు అప్పగించి, అతనూ అతని సంతతీ రోజూ మానెడు నెయ్యి పోస్తూ ఉండాలని ఒప్పందం రాయించాడు. దీపం ధర కంటే నెయ్యి ఏర్పాటు పెద్దది. దీపం పేరు మీద పెట్టుబడి పెట్టినా నిజానికి దాత పోషించింది ఒక పనిని, ఆ పని చేసే కుటుంబాన్ని. వెయ్యేళ్ల నాడే మనవాళ్లకు వస్తువుకూ దాని నిర్వహణకూ తేడా తెలుసు. ఇప్పుడు మనం ఆ లెక్కను తలకిందులు చేశాం. వాద్యం కొనడానికి దాతలు దొరుకుతారు, ఫొటో పడుతుంది. ఆ వాద్యానికి ఏటేటా పీకలు, ప్యాడ్లు, మైనం కోసం ఇచ్చే దాత కనిపించడు.

కాబట్టి చేయవలసినవి పెద్ద పథకాలేమీ కావు. దేవాదాయ శాఖ ఆలయాల్లో సన్నాయి, డోలు విద్వాంసులు ఉన్నారు. వాళ్ల జీతాల పద్దు పక్కనే వాద్యాల మరమ్మతుకు విడిగా ఏటా ఒక పద్దు ఉండాలి. అది విద్వాంసుడి చేతికి కాకుండా పనివాడి బిల్లుకు నేరుగా చెల్లాలి. డెల్టాలో పది ఆలయాలు కలిసి ఒకే పనివాడికి ఏడాది పొడవునా తిరిగే పని అప్పగిస్తే అతను ఆ వృత్తిలో నిలబడతాడు, ఇద్దరు కుర్రవాళ్లకు నేర్పుతాడు. తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతోంది. ప్రభుత్వ సంగీత కళాశాలలు ఉన్నాయి. వాయించడం నేర్పే ప్రతిచోటా పీక కట్టడం, మేళం కట్టడం, ప్యాడ్లు మార్చడం కూడా పరీక్ష పెట్టి నేర్పాల్సిన పాఠం కావాలి. తన వాద్యాన్ని తాను సరిచేసుకోగల విద్యార్థుల్లో కొందరైనా రేపు ఆ పనిలోనే జీవనోపాధి వెతుక్కుంటారు. ఇంట్లో తాతల నాటి వీణో క్లారినెట్టో ఉన్నవాళ్లు అమ్మే ముందు ఒకసారి పనివాడికి చూపించి, కొలతలు, స్థితి రాయించుకుంటే అమ్మినా ఉంచుకున్నా దాని చరిత్ర మిగులుతుంది.

సేకర్తలను ఈ పనిలోంచి తోసేయాలని నేను అనడం లేదు. వాళ్ల చేతిలో డబ్బుంది, మోజుంది, మిగతావాళ్లకు లేని ఓపిక ఉంది. కొన్న ధరలో పదో వంతు మరమ్మతుకు పక్కనపెట్టి, ఏడాదిలో కొన్ని రోజులైనా ఆ వాద్యాన్ని వాయించేవాడి చేతికి ఇస్తే సేకర్తకూ నష్టం లేదు. పలుకుతున్న వాద్యానికే రేపు ఎక్కువ వెల వస్తుంది. ఆలయ కమిటీ అయినా, కళాశాల అయినా, సేకర్త అయినా పాత వాద్యం మీద రూపాయి పెట్టేముందు దీన్ని ఎవరు బాగుచేస్తారు, అతనికి ఏటా ఎంత ఇస్తాం అని లెక్క వేసుకోవాలి. ఆ లెక్క కుదరనప్పుడు కొనుగోలు వాయిదా వేసి, ఆ సొమ్ముతో ముందు ఒక కుర్రవాణ్ణి పీక కట్టే ఇంటికి పని నేర్చుకోవడానికి పంపడమే తెలివైన ఖర్చు.